పదహారేళ్లుగా రాసుకున్న కస్టమర్ల వివరాలు: కాంటాక్ట్ సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కు మారాలా, వద్దా?

రాణిగంజ్ పంపులు | సోమవారం, ఉదయం 11:20

అందరికీ నమస్కారం. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మాకు పంపులు, మోటార్లు, వాల్వుల దుకాణం ఉంది. అమ్మడంతో పాటు బోర్లలో బిగించడం, మరమ్మతు కూడా మేమే చేస్తాం. మొత్తం పదకొండు మందిమి. 2010లో ఒక కాంటాక్ట్ సాఫ్ట్‌వేర్ కొని, కస్టమర్ల వివరాలన్నీ అందులోనే రాసుకుంటూ వచ్చాం. ఇప్పుడు 14 వేల పైచిలుకు పేర్లున్నాయి. ఐదుగురం వాడతాం. అప్పట్లో ఒకసారి డబ్బు కట్టాం, ఆ తర్వాత మళ్లీ కట్టే పని పడలేదు.

ఇప్పుడు అమ్మేవాళ్లు కొత్త వెర్షన్‌కు మారమంటున్నారు. మనిషికి నెలకు 900 రూపాయలు, అంటే ఐదుగురికి ఏడాదికి 54 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. పాత డేటా మార్చి ఇచ్చినందుకు మరో 35 వేలు. ఈ నెలాఖరులోగా ఒప్పుకుంటేనే ఈ ధర అంటున్నారు.

పాతది పని చేస్తూనే ఉంది. కాకపోతే బాగా నెమ్మదించింది. ఈ ఏప్రిల్‌లో బోర్లు ఎండి ఫోన్లు ఆగకుండా మోగుతుంటే, ఒక్క పేరు తెరుచుకోవడానికి నిమిషం పట్టిన రోజులున్నాయి.

నా అసలు బెంగ వేరు. ఆ వివరాలన్నీ రాసింది మా ఆఫీసు చూసే మేడమ్. మొదటి రోజు నుంచీ ఆవిడే. దసరాకు రిటైరై హనుమకొండ వెళ్లిపోతున్నారు. ఆవిడ రాసిన తీరు మీకు అర్థం కావాలని ఒక్కటి కింద పెడుతున్నాను, పేర్లు తీసేసి:

"బోయిన్‌పల్లి అపార్ట్‌మెంట్, 40 ఫ్లాట్లు. బోరు ఆరున్నర అంగుళాలు, లోతు 620, పంపు 480 అడుగుల దగ్గర ఉంది. 7.5 హెచ్‌పీ. 2014 మేలో మోటారు కాలింది, రీవైండింగ్ చేశాం. 2019లో కొత్తది వేశాం. పైపులు లాగే బండి లోపలికి రాదు, ట్రైపాడ్ తీసుకెళ్లాలి. వెనక గేటు తాళం వాచ్‌మన్ దగ్గర. సెక్రటరీ గారు మధ్యాహ్నం పడుకుంటారు, నాలుగు దాటాకే ఫోన్ చేయాలి. డబ్బు చెక్కుగానే ఇస్తారు, వారం పడుతుంది, అడిగి విసిగించవద్దు."

ఇలాంటివి వేలున్నాయి. మారితే ఇవన్నీ చెక్కుచెదరకుండా వస్తాయా? మారకపోతే ఎన్నాళ్లు నిలుస్తాయి? అనుభవం ఉన్నవారు చెప్పండి.

మోండా హోల్‌సేల్ | సోమవారం, మధ్యాహ్నం 12:05

పని చేస్తున్నదాన్ని కదిలించవద్దనే నేనంటాను. మాది మోండా మార్కెట్‌లో కిరాణా హోల్‌సేల్. రెండు వేల మంది ఖాతాదారులు ఎక్సెల్‌లో ఉన్నారు, బాకీలు టాలీలో ఉన్నాయి, మాటలు ఫోన్లో నడుస్తాయి. ఏడాదికి అరవై వేలంటే ఒక కుర్రాడి నాలుగైదు నెలల జీతం. నెలాఖరు గడువు పెట్టి తొందరపెట్టేవాళ్లంటే నాకు మొదటి నుంచీ నమ్మకం లేదు. సరుకు మంచిదైతే వచ్చే నెలా అమ్ముకుంటారు కదా.

బాలానగర్ టూల్ రూమ్ | సోమవారం, మధ్యాహ్నం 1:40

రాణిగంజ్ అన్నా, మీరు రాసింది చదువుతుంటే కడుపులో దేవినట్టయింది. మూడేళ్ల కిందట మేము చేసిన తప్పు చెబుతాను. మీరు చేయకండి.

మాది డైలు, పంచులు, జిగ్గులు, ఫిక్చర్లు లాంటి ఫ్యాక్టరీ పనిముట్లు చేసే యూనిట్. పాత సాఫ్ట్‌వేర్ నుంచి వేరొకదానికి మారాం. మార్చి ఇచ్చినవాళ్లు సాయంత్రం ఫోన్ చేసి "సార్, 6,212 రికార్డులూ వచ్చేశాయి" అన్నారు. లెక్క సరిపోయింది. పేర్లు, నంబర్లు, చిరునామాలు అన్నీ ఉన్నాయి. మిగిలిన బిల్లు కట్టేశాం. నెల తిరిగాక పాత కంప్యూటర్‌ను ఫార్మాట్ చేసి స్టోర్ రూములో లేబుళ్ల ప్రింటరుకు పెట్టాం.

రెండు నెలల తర్వాత పటాన్‌చెరు నుంచి ఒక పాత కస్టమర్ ఫోన్ చేసి, "పోయినసారి మార్చి ఇచ్చారే, అదే కొలతతో ఇంకో రెండు పంచులు కావాలి" అన్నారు. నోట్స్ తెరిచాను. పదేళ్ల నోట్సు మొత్తం ఒకే ముద్దగా వచ్చింది. ఏ మాట ఏ తేదీన రాసిందో లేదు. పెద్దగా ఉన్నవన్నీ మధ్యలో తెగిపోయాయి. మాకు కావలసిన కొలత ఆ తెగిన చోటికి అవతల ఉంది. ఆ పెద్దమనిషి ఏమీ అనలేదు. పాత పంచు ఒకటి ఆటోలో పంపించారు, దాన్ని కొలిచి చేశాం. ఆ రోజు పడిన సిగ్గు నాకు ఇంకా గుర్తుంది.

కాబట్టి ఎన్ని రికార్డులు వచ్చాయని లెక్కపెట్టి ఊరుకోవద్దు. లోపల ఏం వచ్చిందో చదివి చూడాలి. పాత కంప్యూటర్ జోలికి కనీసం ఏడాది పాటు ఎవరినీ వెళ్లనివ్వకండి.

పార్క్‌లేన్ సిస్టమ్స్ | సోమవారం, రాత్రి 9:15

చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్ల పని చేస్తున్నాను. సలహాకు ముందు మూడు సంగతులు తెలియాలి. డేటా ఉన్న కంప్యూటర్‌లో ఏ విండోస్ నడుస్తోంది? డేటా ఫైలు ఎంత సైజు ఉంది? బ్యాకప్ తీస్తున్నారా, తీస్తే దాన్ని ఎప్పుడైనా వేరే కంప్యూటర్‌లో తెరిచి చూశారా?

మూడోది అడిగితే చాలామంది మౌనంగా ఉంటారు. రోజూ రాత్రి పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అవుతోందని ధైర్యంగా ఉంటారు. తీరా కావలసి వచ్చిన రోజున చూస్తే, నాలుగేళ్లుగా ఖాళీ ఫోల్డరు కాపీ అవుతూ ఉంటుంది. నా బల్ల మీదికి అలాంటివి ఎన్నో వచ్చాయి.

రాణిగంజ్ పంపులు | మంగళవారం, ఉదయం 10:30

సార్, విండోస్ 10. సాఫ్ట్‌వేర్ అడుగున, డేటాను దాచిపెట్టే ఎస్‌క్యూఎల్ సర్వర్ 2008 ఎక్స్‌ప్రెస్ ఉందని మా కుర్రాడు చూసి చెప్పాడు. ఫైలు 3.7 జీబీ. బ్యాకప్ రోజూ తీస్తున్నాం, కానీ తెరిచి ఎప్పుడూ చూడలేదు.

పార్క్‌లేన్ సిస్టమ్స్ | మంగళవారం, ఉదయం 10:55

అయితే "మారాలా, వద్దా" అన్న ప్రశ్న దాదాపు తేలిపోయింది. ఎప్పుడు, ఎలా అన్నదే మిగిలింది.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ ఉచితంగా వస్తుంది కాబట్టి చిన్న సాఫ్ట్‌వేర్లు అడుగున దాన్నే పెట్టుకుంటాయి. అయితే దానికి హద్దు ఉంది. 2008 ఎక్స్‌ప్రెస్‌లో ఒక డేటాబేస్ 4 జీబీ దాటకూడదు. ఆ తర్వాత వచ్చిన 2008 ఆర్2లో దాన్ని 10 జీబీకి పెంచారు. మీరు 3.7 దగ్గర ఉన్నారు. హద్దు తగిలిన రోజున పాతవి చదవనిస్తుంది గానీ కొత్తగా ఒక్క ముక్క రాయనివ్వదు. అది ఏ మే నెల మధ్యలోనో జరిగితే మీ పరిస్థితి ఊహించుకోండి. పైగా అడుగున ఉన్న సర్వర్‌ను మాత్రమే కొత్తదానితో మార్చే ప్రయత్నం చేయకండి. మీ సాఫ్ట్‌వేర్ తయారుచేసినవారు సరేనంటే తప్ప అది ప్రమాదం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. భద్రతా మార్పులు కొంతకాలం పొడిగించుకునే ఏర్పాటు ఉంది, అది తాత్కాలికమే. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే ఇంచుమించు ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచే ఒప్పుకుంటుంది. మీది పాత మెషిన్ అయితే కొత్త కంప్యూటర్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

ఇంకో మాట. ఔట్‌లుక్‌కు మీ సాఫ్ట్‌వేర్ కలిపి ఉంటే, పైన కనిపించే "కొత్త ఔట్‌లుక్" మీట ఎవరూ నొక్కకుండా చూడండి. బయటి సాఫ్ట్‌వేర్‌ను ఔట్‌లుక్‌కు కలిపే పాత తరహా కామ్ యాడ్-ఇన్‌లు కొత్తదానిలో పనిచేయవు. నొక్కిన మరుక్షణం ఈమెయిళ్లు రికార్డుల్లోకి రావడం ఆగిపోతుంది. కారణం తెలియక వారం రోజులు వెతుకుతారు.

మాదాపూర్ ప్రోగ్రామర్ | మంగళవారం, మధ్యాహ్నం 3:20

డబ్బు పెట్టి మారేటప్పుడు అదే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ ఒక్కటే కాకుండా, కస్టమర్ల వివరాలను ఇంటర్నెట్‌లో దాచి బ్రౌజరులో చూపించే క్లౌడ్ సీఆర్ఎమ్‌లను కూడా పక్కన పెట్టి పోల్చి చూడండి. జోహో లాంటి మన దేశపు కంపెనీలూ ఉన్నాయి. సర్వర్, బ్యాకప్ బాధ చాలావరకు తప్పుతుంది. బోరు దగ్గర నిలబడి ఉన్న మెకానిక్ ఫోన్లో లోతు చూసుకోవచ్చు.

ఏది ఎంచుకున్నా, డేటా మార్చేటప్పుడు మన దగ్గర తప్పకుండా ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. బయటి దేశాల సాఫ్ట్‌వేర్ పేరును మొదటి పేరు, చివరి పేరు అని విడదీస్తుంది. మనకు ఇంటిపేరు ముందు వస్తుంది. "కె. వెంకటేశ్వరరావు" అని ఉంటే "కె" మొదటి పేరైపోతుంది. పండగ శుభాకాంక్షలు "ప్రియమైన కె గారికి" అని వెళ్తాయి. నేను చేసిన ఒక పనిలో మూడు వందల మందికి అలాగే వెళ్లాయి, ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకోవలసి వచ్చింది.

ఎక్సెల్ సంగతి మరీ జాగ్రత్త. పాత సాఫ్ట్‌వేర్ నుంచి డేటాను బయటికి తీసిన సీఎస్‌వీ ఫైలును (కామాలతో విడదీసిన సాదా పట్టికను) నేరుగా రెండుసార్లు నొక్కి తెరిస్తే 040 ముందున్న సున్నా ఎగిరిపోతుంది. 91తో మొదలయ్యే పన్నెండంకెల మొబైల్ నంబరు 9.19E+11గా కనిపిస్తుంది, అలా భద్రపరిస్తే చివరి అంకెలు పోతాయి. తెలుగు అక్షరాలు చిందరవందర అవుతాయి. డేటా మెనూ నుంచి ఫైలును రప్పించి, తెలుగును సరిగ్గా చదివే యూటీఎఫ్-8 ఎంచుకుని, నంబర్ల కాలమ్‌లను టెక్స్ట్‌గా పెట్టాలి.

మేడమ్ గారు తెలుగులో టైపు చేసింది ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ చదివే యూనికోడ్‌లోనా, పాత అను ఫాంట్లలోనా? ముందు ఇది కనుక్కోండి.

రాణిగంజ్ పంపులు | మంగళవారం, సాయంత్రం 6:10

ఇప్పుడే అడిగాను. 2013 వరకు అను ఫాంట్లలో, ఆ తర్వాత యూనికోడ్‌లో రాశారట. "పాత కంప్యూటర్‌లో అదే ఉండేది సార్" అన్నారు. ఇది ఇబ్బందా?

మాదాపూర్ ప్రోగ్రామర్ | మంగళవారం, సాయంత్రం 6:25

అవును, కానీ దారి ఉంది. అను ఫాంట్లలో రాసినప్పుడు కంప్యూటర్ లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులే. ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫాంటు ఉండదు కాబట్టి అర్థం లేని గీతలు కనిపిస్తాయి. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. ఒత్తుల దగ్గర కొన్ని తప్పులు వస్తాయి, మనిషి కూర్చుని చదివి దిద్దాలి. ఆ చదివే మనిషి మేడమ్ గారే అయితే మంచిది. అందుకే దసరాకు ముందే ఈ పని పూర్తి చేయండి.

నాచారం ఖాతాలు | బుధవారం, ఉదయం 11:45

నేను నాలుగు చిన్న పరిశ్రమలకు లెక్కలు చూస్తాను. రాణిగంజ్ గారూ, ఖర్చును మూడేళ్లకు వేయండి. మూడేళ్ల చందా 1,62,000, మార్పిడి 35,000, కలిపి 1,97,000. మీరు మామూలు జీఎస్టీ పద్ధతిలో ఉంటే కట్టిన పన్ను ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది కాబట్టి దాన్ని ఖర్చులో కలపకండి. బిల్లు మీద మీ జీఎస్టీ నంబరు తప్పనిసరిగా వేయించుకోండి.

ఐదు లైసెన్సులు నిజంగా కావాలా? రోజూ రాసేవారు ఎంతమంది? ముగ్గురే అయితే ఏడాదికి 32,400తో సరిపోతుంది.

ఇల్లు మారేటప్పుడు సామాను సర్దుకున్నట్టే, ఈ వంకతో వివరాలు కూడా సరిచేసుకోండి. మీరు 2010లో మొదలుపెట్టారంటే, 2017 జూలైకి ముందు చేర్చినవారి దగ్గర పాత వ్యాట్ టిన్ నంబర్లే ఉండి ఉంటాయి. జీఎస్టీ నంబరుకు పదిహేను అక్షరాలు, మన తెలంగాణ వారికి 36తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్ వారికి 37తో. దాని కోసం ప్రత్యేకంగా ఒక గడి పెట్టించండి. జిల్లాలు కూడా చూసుకోండి. 2016 దసరాకు పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. మీ పాత రికార్డుల్లో కుత్బుల్లాపూర్, మేడ్చల్, వికారాబాద్ అన్నీ రంగారెడ్డి జిల్లా కిందే ఉంటాయి. మెకానిక్‌లను జిల్లాల వారీగా పంపేటట్లయితే ఇది తప్పక దిద్దాలి.

ఎల్‌బీనగర్ సర్వీస్ | బుధవారం, మధ్యాహ్నం 2:30

మెకానిక్‌ల ఫోన్లలో అన్నీ కనిపించడం గురించి నాకు అభ్యంతరం ఉంది. మేము ఆసుపత్రి పరికరాలకు సర్వీసు చేస్తాం. అందరికీ మొత్తం జాబితా తెరిచి ఇచ్చాం. ఒకరు మానేసి వెళ్తూ మా ఖాతాదారుల నంబర్లన్నీ తీసుకెళ్లి వారం తిరగకుండా సొంతంగా మొదలుపెట్టారు. బాధ్యత నాదే, తలుపు తీసి పెట్టింది నేనే. ఇప్పుడు ఆ రోజు వెళ్లవలసిన నాలుగైదు చోట్ల వివరాలు మాత్రమే వారికి కనిపిస్తాయి. ఎవరికి ఎంతవరకు చూపించాలో నిర్ణయించే వీలు కొత్త వెర్షన్‌లో ఉందో లేదో అడగండి. లేకపోతే కొనవద్దు.

ఇది చట్టం దృష్టిలోనూ ముఖ్యమే. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది, దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ప్రధాన బాధ్యతలకు పద్దెనిమిది నెలల వ్యవధి ఇచ్చారు. డేటాకు తగిన భద్రత కల్పించకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండవచ్చని చట్టంలో ఉంది. మనలాంటి చిన్నవాళ్ల మీద అంత పడుతుందని కాదు. కానీ "సెక్రటరీ గారు మధ్యాహ్నం పడుకుంటారు" అన్న మాట ఒకరి ఇంటి సంగతి. మనల్ని నమ్మి చెప్పారు. అది ఊరంతా తిరగకూడదు.

మోండా హోల్‌సేల్ | బుధవారం, రాత్రి 8:50

ఫైలు హద్దు సంగతి తెలిశాక నా మాట సవరించుకుంటున్నాను, రాణిగంజ్ గారికి మారక తప్పదు. క్లౌడ్ మాత్రం నాకు మింగుడుపడటం లేదు. చందా ఆపిన రోజున మన ఖాతాదారులు మనకు కనిపించకుండా పోతారా?

పార్క్‌లేన్ సిస్టమ్స్ | బుధవారం, రాత్రి 9:30

మంచి ప్రశ్న. కొనే ముందే రాతపూర్వకంగా అడగాలి: చందా ఆపాక ఎన్ని రోజులు చదవనిస్తారు, మొత్తం డేటాను నోట్సు, తేదీలు, జోడించిన ఫైళ్లతో సహా ఏ రూపంలో ఇస్తారు అని. ఇది క్లౌడ్‌కే పరిమితమైన సమస్య కాదు. ఈ రంగంలో పేరున్న ఆక్ట్ సాఫ్ట్‌వేర్‌నే చూడండి. 1987లో, విండోస్ వ్యాపించక ముందటి డాస్ కాలంలో మొదలైంది. సిమాంటెక్, సేజ్ వంటి కంపెనీల చేతులు మారింది. 2005 వెర్షన్‌లో పాత ఫైళ్ల పద్ధతి వదిలి ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు వెళ్లింది. కంపెనీలు మారతాయి, ఫైళ్ల రూపాలు మారతాయి. మన డేటాను మనమే బయటికి తీసుకోగలగాలి.

రాణిగంజ్ గారూ, మొత్తం మార్చడానికి ముందు యాభై రికార్డులతో పరీక్ష చేయించండి. ఆ యాభై అమ్మేవాళ్లు ఎంచకూడదు, మేడమ్ గారు ఎంచాలి. బాగా పొడవైనవి, చిక్కువి, అను ఫాంటువి, ఫొటోలున్నవి తీయమనండి. బ్యాకప్‌ను వేరే కంప్యూటర్‌లో తెరవడం అంతకంటే ముందు.

బాలానగర్ టూల్ రూమ్ | గురువారం, ఉదయం 9:10

యాభై రికార్డుల మాట మూడేళ్ల కిందట నాకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది. అన్నా, డబ్బులో సగం పరీక్ష సరిగ్గా వచ్చాకే ఇస్తానని చెప్పండి.

రాణిగంజ్ పంపులు | రెండు వారాల తర్వాత, సోమవారం, మధ్యాహ్నం 12:40

అందరికీ చేతులెత్తి దండం. జరిగింది చెబుతాను.

నిన్న లష్కర్ బోనాలు. మా వైపు దారులన్నీ జనం, దుకాణం తీయలేదు. అందుకే శనివారం రాత్రి బ్యాకప్‌ను ఇంటికి తెచ్చి, నిన్న అమ్మవారికి బోనం సమర్పించి వచ్చాక మా అబ్బాయి కంప్యూటర్‌లో తెరిచాం. మొదటిసారి తెరుచుకోలేదు. గుండె ఆగినంత పనైంది. చూస్తే ఆ రోజు కాపీ సగంలో ఆగిపోయింది. శుక్రవారంది తెరుచుకుంది. ఇప్పుడు రోజూ కాపీ అయిందా లేదా చూసి సంతకం పెట్టే పుస్తకం ఒకటి పెట్టాం.

యాభై రికార్డుల పరీక్ష అంతకు ముందు వారమే చేయించాం. మేడమ్ కాగితం మీద పట్టిక గీసి, ఒక్కొక్కటి పాత తెర, కొత్త తెర పక్కపక్కన పెట్టుకుని ఎర్ర పెన్నుతో టిక్కు పెట్టారు. రెండు రోజులు పట్టింది. మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌లో నోట్సు యాభైకి యాభై తేదీలతో సహా వచ్చాయి. అయితే మేము సొంతంగా చేసుకున్న బోరు లోతు, పంపు లోతు, హెచ్‌పీ గడులు మూడూ కలిసి "ఇతరాలు" అన్న ఒకే గడిలో పడ్డాయి. అడిగితే విడదీసి మళ్లీ చేసిచ్చారు. అను ఫాంటువి తొమ్మిది, అన్నీ గీతలుగానే వచ్చాయి. క్లౌడ్ సీఆర్ఎమ్ ఒకటి కూడా చూశాం. ఫోన్లో చాలా హాయిగా ఉంది. కానీ మా చేత దిగుమతి చేయించినప్పుడు నోట్సు అన్నింటికీ ఆ రోజు తేదీయే పడింది. 2014లో కాలిన మోటారు నిన్ననే కాలినట్టుంది. దాన్ని సరిచేసే పద్ధతి ఉండవచ్చు, నేర్చుకునే వ్యవధి మాకు లేదు.

అందుకని మా సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్‌కే వెళ్తున్నాం. లైసెన్సులు మూడు. కొత్త కంప్యూటర్ ఒకటి. ఒక్కో ఉద్యోగికి ఏది కనిపించాలో నిర్ణయించే వీలుంది, మెకానిక్‌లకు ఆ రోజు పని మాత్రమే చూపిస్తాం. 2015కు ముందు ఈమెయిళ్లను మార్చడం లేదు, డేటా ఫైలు ఉబ్బింది ప్రధానంగా వాటి వల్లేనని తేలింది. నెలాఖరు దాటినా ధర మారలేదు, మోండా గారు చెప్పినట్టే. సగం డబ్బు పని పూర్తయ్యాక ఇస్తామంటే ఒప్పుకున్నారు.

మాదాపూర్ ప్రోగ్రామర్ | సోమవారం, మధ్యాహ్నం 1:15

అను ఫాంటు రికార్డులు మొత్తం ఎన్ని? కన్వర్టర్‌లో వేసే ముందు అసలు పాఠాన్ని మరో గడిలో అలాగే ఉంచండి.

రాణిగంజ్ పంపులు | సోమవారం, సాయంత్రం 7:30

ఆరు వందలున్నాయి. అసలు పాఠం పక్కన ఉంచాం. మేడమ్ రోజుకు నలభై చదువుతున్నారు, మధ్యాహ్నం భోజనం తర్వాత. పక్కన ఆవిడ స్థానంలోకి వచ్చే అమ్మాయిని కూర్చోబెట్టుకుంటున్నారు. దిద్దేటప్పుడు ఒక్కొక్క చోటి కథ చెబుతున్నారు, ఆ అమ్మాయి రాసుకుంటోంది. ఈ రోజు బోయిన్‌పల్లి వారికి కూడా ఫోన్ చేశారు. సెక్రటరీ మారారట, కొత్తవారు ఉదయం ఏడింటికే దొరుకుతారట. వెనక గేటు తాళం మాత్రం ఇంకా వాచ్‌మన్ దగ్గరే ఉంది.